అవతలి కుర్చీ దూరం

ఏప్రిల్ 29

భావి చరిత్రకారుల సౌకర్యార్థం రాయడమేమనగా, ఈరోజు మధ్యాహ్నం మాంటెవిడియోలోని మా ఇంట్లో ప్రభుత్వం మారింది. గోడ మీద.

గాజు బీరువాకు పైన నేను తీసిన అమ్మమ్మ ఫోటో ఉండేది. పుట్టినరోజు కేకు ముందు అమ్మమ్మ జుల్మా. అందులో కేకు చాలా స్పష్టంగా ఉంటుంది. అమ్మమ్మ కొంచెం కదిలింది. ఇప్పుడది బాత్రూమ్ పక్కన, కరెంటు మీటరు కింద ఉంది. దాని మేకుకే హెర్మాన్ తీసిన ఫోటో ఎక్కింది. హెర్మాన్ అంటే మా అక్క యానినా స్నేహితుడు. ఈ డైరీలో అతనికి అంతకుమించి హోదా ఇవ్వబడదు.

ఇరవైతొమ్మిదో తారీకు కదా, నెలనెలా లాగే న్యోకీ. అందరి కంచాల కిందా ఆనవాయితీ ప్రకారం, అదృష్టం కోసం, ఒక్కో డబ్బు నోటు. అమ్మమ్మ బంగాళదుంప ఉండలు వడ్డిస్తుండగా అడిగాను.

"నా ఫోటో ఏం పాపం చేసింది అమ్మమ్మా?"

"పాపం ఏముందిరా. అందులో కేకు బాగా పడింది. కేకు తినేశాంగా. ఇంకెందుకు?"

అక్కకు నవ్వొచ్చి సాసు ముక్కులోకి పోయింది. హెర్మాన్ నీళ్ల గ్లాసు అందించాడు. ఆ గ్లాసు నా చేతికి దగ్గరగా ఉంది. అయినా అతనే అందించాడు.

"నాదేం లేదు అమ్మమ్మగారూ. అంతా లెన్సే," అన్నాడు వినయంగా.

అతని మాటనే ప్రమాణంగా స్వీకరిస్తున్నాను. ఆ ఫోటోలో అమ్మమ్మ పిండి చేత్తో ముంగురులు వెనక్కి తోసుకుంటోంది. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. వెనక వంటగదంతా కరిగి వెలుతురు ముద్దయిపోయింది. చేసింది లెన్సు. యాభై మిల్లీమీటర్లు, ఎఫ్ ఒకటి పాయింటు రెండు. నోరు బావిలా ఉంటుంది. నా కెమెరాతోపాటు పెట్టెలో వచ్చిన జూమ్ దాని పక్కన సిరాబుడ్డి మూత.

కాబట్టి మా ఇద్దరికీ ఉన్న తేడా ఒక లెన్సు. కొనుక్కుంటే సరి.

మే 2

నాకు అసూయ లేదు. నాకు లేనిది లెన్సు.

మే 5

ప్రైమ్ లెన్సుకు జూమ్ ఉండదు. బొమ్మ దగ్గరికి రావాలంటే కాళ్లు కదపాలి. అయితే నోరు పెద్దది కాబట్టి వెలుతురు బాగా మింగుతుంది. మే అంటే ఇక్కడ చలికాలం మొదలు, మా వంటగది పట్టపగలే గుహ. అందుకని కొనాలన్నది తేలిపోయింది. ఏది కొనాలన్నదే మిగిలింది.

రోజువారీ ఫోటోలకు ముప్పై ఐదా, యాభయ్యా? రెండు మతాలున్నాయి. ముప్పై ఐదు మతస్థులు జీవితం వెడల్పైనదంటారు, పక్కవాళ్లనూ లోపలికి రానివ్వమంటారు. యాభై మతస్థులు ఒక్క మనిషినే చూడు, మిగతా లోకం కరిగిపోనీ అంటారు. నేను పూర్తిచేసిన కమ్యూనికేషన్ డిగ్రీలో ఇంత లోతైన చర్చ ఎన్నడూ జరగలేదు.

అక్క సోఫాలో కూర్చుని నీలం నూలుతో ఏదో అల్లుతోంది. అడిగాను.

"నీకెవర్ని తియ్యాలనుంది?" అని ఎదురడిగింది.

"ఎవరినైనా. రోజూ కనబడేవాళ్లని."

"రోజూ కనబడేది నేనూ అమ్మమ్మేగా. మా మొహాలకి ఇంత పరిశోధనా?"

"శాస్త్రం శాస్త్రమే అక్కా."

"అయితే హెర్మాన్‌ని అడుగు. తనకి బాగా తెలుసు."

అడగను. తప్పు లెన్సు కొనే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది.

ఆ నీలం నూలు నా మఫ్లర్ అయివుంటుంది. ప్రతి చలికాలం ఒకటి అల్లుతుంది. ఈసారి సన్నగా మొదలుపెట్టింది. ఫ్యాషన్ కాబోలు.

మే 10, ఆదివారం

త్రిస్తాన్ నర్వాహ వీధి సంత. చిలకల పంజరాలకూ పాత కుళాయిలకూ మధ్య ఒకాయన లెన్సులు పరిచాడు. మామూలు యాభై లెన్సు ఒకటి తీసుకున్నాను. ఒకటి పాయింటు రెండు కాదు, ఒకటి పాయింటు ఎనిమిది. పేదవాడి యాభై.

"తీసుకుపో. నచ్చకపోతే వచ్చే ఆదివారం తెచ్చెయ్," అన్నాడాయన.

ఇంటికొచ్చి బిగించి అమ్మమ్మను చూస్తే మొహం మాత్రమే కనబడింది. నా కెమెరాలో సెన్సర్ చిన్నది. దానిమీద యాభై ఇంకా ఇరుకవుతుంది. వెనక్కి జరిగాను. వీపుకు ఫ్రిజ్ తగిలింది. అమ్మమ్మ తలా ఒక భుజమూ వచ్చాయి. తలుపు తీసి పెరట్లోకి వెళ్లాను. అప్పుడు మనిషంతా వచ్చింది, తలుపు చట్రంతో సహా.

"ఏరా ఎల్బియో, ఫోటో తీస్తున్నావా, పారిపోతున్నావా?"

"కాస్త కదలకుండా ఉండు అమ్మమ్మా."

"నేను కదలట్లేదు. నువ్వే పక్కవాళ్ల పెరట్లోకి పోతున్నావ్. అక్కణ్ణించి ఆ తులసిరంగు చొక్కా కూడా తెచ్చెయ్, గాలికి ఎగిరి పడింది."

తెచ్చాను. అది హెర్మాన్ చొక్కా. మా తీగమీద అతని చొక్కాలు ఎప్పటినుంచి ఆరుతున్నాయో నాకెవరూ చెప్పలేదు.

మే 17

లెన్సు తిరిగిచ్చాను.

"ఏమైంది, పన్జేయట్లేదా?"

"చేస్తోంది. ఇల్లే చిన్నదైంది."

"ఇళ్లు నేనమ్మను," అన్నాడాయన.

అమ్మమ్మకు చెబితే, ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట, అంది. మా పలెర్మో పేటలో మద్దెలలకు కొదవ లేదు. ఆ మాట అంటుండగానే వీధిలోంచి ఓ గుంపు వాయించుకుంటూ పోయింది.

మే 21

హెర్మాన్ తీసిన అక్క ఫోటో చూశాను. అక్క ఫోన్‌లో, మొదటి తెర మీదే ఉంది.

సాంకేతిక పరిశీలన: ఫోకస్ ఎడమకన్ను మీద ఉంది. కుడికన్ను అప్పుడే మెత్తబడింది. చెవి పూర్తిగా పోయింది. పూర్తి అపెర్చర్‌లో, అంటే లెన్సు నోరంతా తెరిచి తీసే కొత్త ధనవంతుల అలవాటు ఇది. అనుభవజ్ఞులు కాస్త మూస్తారు.

అక్క నవ్వుతోంది. నోరు తెరిచి, పై పన్ను వంకర కనబడేలా. ఆ పన్ను దాచడానికి అక్క పదేళ్లప్పటినుంచీ చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ పన్ను ఈ ఇంటి బయట ఎవరికీ తెలియదు. ఒకసారి స్కూల్లో నేను తప్పిపోయాననుకుని వెతికి, మెట్ల కింద దొరికాక అలా నవ్వింది. తర్వాత చాలాసార్లు. అన్నీ నా దగ్గర.

చెవి పూర్తిగా పోయింది. అది రాశానా? రాశాను.

మే 23

మఫ్లర్ కాదు. హెర్మాన్ కెమెరాకు పట్టీ.

మే 29

న్యోకీ. హెర్మాన్ సాల్తో ఊరి నుంచి ఒక పెట్టె కమలాలు తెచ్చాడు. పుల్లగా ఉంటాయని ఆశపడ్డాను. దురదృష్టవశాత్తూ చాలా బాగున్నాయి.

అక్క ఫోర్కు కింద పెట్టి చెప్పింది. సాల్తోలో కమలాతోటల కంపెనీలో హెర్మాన్‌కు ఉద్యోగం వచ్చింది. వ్యవసాయం చదివాడు కదా. అక్కకు అక్కడే ఒక స్కూల్లో పని దొరికింది. జూలై మొదట్లో వెళ్తారు.

"సాల్తోనా. పొద్దున బస్సెక్కితే చీకటిపడే వేళకి దిగుతారు," అంది అమ్మమ్మ. వడ్డించిన కంచంలోనే మళ్లీ వడ్డించింది.

"నువ్వేమంటావ్ బామ్మర్దీ?" అన్నాడు హెర్మాన్.

"నాదేముంది హెర్మాన్‌గారూ. తమరు సుఖంగా వెళ్లిరండి."

"ఒరేయ్, ఆ గారూ మీరూ ఏంట్రా? నీకంటే మూడేళ్లు పెద్దవాడు, అంతేగా," అంది అక్క.

"పెద్దలను గౌరవించమని నువ్వే నేర్పావు అక్కా."

అక్క నా కాలు తొక్కింది, బల్ల కింద. మామూలుగా ఇంకా గట్టిగా తొక్కుతుంది.

మే 30

ముప్పై ఐదు కొంటాను.

మే 31

యాభై.

జూన్ 7, ఆదివారం

ప్రమాద నివేదిక. స్థలం: రాంబ్లా, సముద్రపు గట్టు. వాతావరణం: ఎండ ఉంది, పనిచేయడం లేదు.

నలుగురం వెళ్లాం. అమ్మమ్మ మడతకుర్చీలో. అక్క, హెర్మాన్ గోడ మీద. మాతె ఆకు టీ వడ్డించేది నేను, అందుకని వేడినీళ్ల ఫ్లాస్కు నా ఎడమ చంకలో ఉంది. మాంటెవిడియోలో పుట్టినవాడికి ఎడమ చంక ఇచ్చింది అందుకే. బస్సెక్కినా, సంతకం పెట్టినా, ప్రియురాల్ని కౌగిలించుకున్నా అది అక్కడే ఉంటుంది. ఉందని గుర్తు కూడా ఉండదు.

హెర్మాన్ మెడలోంచి కెమెరా తీసి నాకిచ్చాడు.

"నువ్వొకటి తియ్యి బామ్మర్దీ. మీ అక్కని ఈ వెలుతుర్లో తియ్యాలి."

"తమ లెన్సు. నేనెలా ముట్టను?"

"ముట్టుకోవయ్యా, కరవదు. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి, పాతకాలపుది."

"పట్టీ మెళ్లో వేసుకో," అంది అక్క.

నీలం నూలు పట్టీ. చివర్లో చిన్న ముడి, అక్క వేసే ముడి. వేసుకోలేదు. చలికి మెడ దురదపెడుతుందని ఏదో చెప్పాను.

కెమెరా కుడిచేతిలో పట్టుకుని చూశాను. అక్క మసకగా ఉంది. వెనక నీళ్లూ మసకే. ఎడమచేత్తో రింగు తిప్పడం మొదలుపెట్టాను. అక్క మెల్లగా ఏర్పడుతోంది. ముందు భుజం, తర్వాత జుట్టు, తర్వాత నోరు. ఆమె నావైపు చూడడం లేదు. అతనివైపు చూస్తోంది. ఇంకొంచెం తిప్పాలి. మోచెయ్యి లేపాను.

ఫ్లాస్కు జారింది.

ఆ తర్వాత జరిగినదానికి నన్ను సంప్రదించలేదు. చేతులు రెండూ వాటంతటవే వెళ్లాయి. ఫ్లాస్కును గాల్లోనే పట్టుకున్నాను. ఒక్క చుక్క ఒలకలేదు. కెమెరా గట్టు రాతిమీద పడింది, లెన్సు మూతే ముందు.

"ఫ్లాస్కు పగల్లేదు కదా?" అంది అమ్మమ్మ.

"చెయ్యి కాల్లేదు కదా?" అన్నాడు హెర్మాన్. అతను కెమెరాను చూస్తూనే ఆ మాట అడిగాడు.

కుక్కను తిప్పుకుంటూ పోతున్న ఒక పెద్దాయన ఆగి, "మంచి పట్టు పట్టావయ్యా అబ్బాయ్," అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. ఆయన చంకలోనూ ఒకటుంది.

వేరే దేశస్థుడైతే కెమెరా పట్టుకునేవాడు. నిజం. ఈ ఊళ్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

కెమెరాకు గీత పడింది, పనిచేస్తోంది. లెన్సు అంచు లోపలికి నొక్కుకుపోయింది. రింగు తిరగడం లేదు. హెర్మాన్ రెండుసార్లు తిప్పి చూసి, పట్టీ దులిపి, మెడలో వేసుకున్నాడు.

"పోన్లే. నీళ్లు చల్లారకముందే ఒకటి పొయ్యి," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు తిట్లకు జవాబులు వచ్చు.

జూన్ 8

కావాలని చేయలేదు.

జూన్ 9

నిన్నటిది చదివాను. కావాలని చేశావా అని ఎవరూ అడగలేదు. నేనెందుకు రాశాను?

జూన్ 10

అక్క మాట్లాడుతోంది. మామూలుగానే. ఉప్పు ఇటు ఇవ్వు, తలుపు వెయ్యి. పట్టీ ఎందుకు వేసుకోలేదని ఒక్కసారి అడిగితే చెబుదామని ఉంది. అడగడం లేదు.

జూన్ 14

హెర్మాన్ ఒక్కడే వచ్చాడు. అక్క లేని వేళ చూసుకుని వచ్చాడని తర్వాత అర్థమైంది. బల్లమీద లెన్సు పెట్టాడు.

"బాగుచెయ్యడం దండగన్నాడు రిపేరువాడు. రింగు ఒక్కచోట బిగుసుకుపోయింది. ఒకే దూరంలో ఫోకస్ అవుతుంది, ముందుకీ లేదు, వెనక్కీ లేదు. నువ్వుంచుకో. మన కెమెరాలు ఒకే కంపెనీవేగా, బిగుస్తుంది."

"పాడైంది నాకిస్తున్నారా?"

"పాడుచేసినవాడికి ఇస్తున్నా," అని నవ్వాడు. "బామ్మర్దీ, ఒకటి చెప్పనా? మా చెల్లి పెళ్లిలో వాళ్లాయన చెయ్యి కలపబోతే నేను కలపలేదు. చేతులకి కమలా రసం అంటుకుందని చెప్పా. అది కమలాల కాలం కూడా కాదు."

మాతె పోసి ఇచ్చాను. తడిసిన పాత ఆకు అడుగున పెట్టి పైన కొత్త ఆకు వేశాను, బాగా రావాలని. అది అతను గమనించాడో లేదో తెలియదు.

జూన్ 15

శాస్త్రీయ ప్రయోగం. గడియారం దగ్గరికి వెళ్లాను, మసక. వెనక్కి వచ్చాను, మసక. పిల్లిని పిలిచాను, అది ఏ దూరంలోనూ నిలబడలేదు. విసుగొచ్చి బల్ల దగ్గర నా కుర్చీలో కూలబడి, ఊరికే కన్ను ఆనించాను.

అవతల అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. ప్రతి కనురెప్ప వెంట్రుకా కనబడింది.

ముందుకు వంగితే పోతుంది. వెనక్కి వాలితే పోతుంది. మామూలుగా కూర్చుంటే ఉంటుంది. ఈ లెన్సుకు మొత్తం ప్రపంచంలో ఒక్కచోటు తెలుసు. అది మా అక్క కుర్చీ.

జూన్ 29

చివరి న్యోకీ. అంటే అమ్మమ్మ ఉంది, నేనున్నాను, వచ్చే నెలా ఉంటుంది. అయినా.

కెమెరా బల్లమీదే పెట్టుకుని తిన్నాను. కాళ్లు కదపలేదు. ఫ్రిజ్‌కు ఆనుకోలేదు. పక్కవాళ్ల పెరట్లోకి పోలేదు. అక్క మాట్లాడుతుంటే ఒకటి, నోట్లో ముద్ద ఉంటే ఒకటి. నోరు మూసుకుంటూ విసుక్కుంది.

"ఎన్ని తీస్తావురా? కరిగిపోతానా ఏంటి?"

"అంచులు కరుగుతాయి అక్కా. లెన్సు గుణం."

"అతన్ని కూడా తియ్యి."

"అతను సరైన దూరంలో లేడు. నీ కుర్చీలో ఉన్నవాళ్లే పడతారు."

అక్క నన్ను చూసింది, తర్వాత లెన్సును. తర్వాత లేచి హెర్మాన్‌ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. తను వెనక నిలబడి అతని భుజం మీద గడ్డం ఆనించింది.

"ఇప్పుడు ఇద్దరం పడతామా?"

"ఒకళ్లే స్పష్టంగా పడతారు. లోతు తక్కువ."

"అయితే నీ ఇష్టం. ఎవర్ని కావాలంటే వాళ్లని," అంది అక్క. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోలేదు, అతని రెండో భుజం మీద వేసింది.

నేను కాస్త వెనక్కి వాలాను. కాస్త ముందుకు వచ్చాను. చివరికి నొక్కాను. అందులో స్పష్టంగా పడింది అక్క చెయ్యి, అతని భుజం మీద ఉన్నది. మొహాలు రెండూ సమానంగా మసక. న్యాయం జరిగింది.

జూలై 5

త్రేస్ క్రూసెస్ బస్‌స్టాండ్. అమ్మమ్మ శాండ్‌విచ్‌లు కట్టింది. నేను ఫ్లాస్కు నింపి ఇచ్చాను. బస్సు కదిలింది. కెమెరా తీసుకెళ్లలేదు. తీసుకెళ్లినా అంత దూరానికి అది పనిచేయదు.

జూలై 12

ఏమీ లేదు.

జూలై 29

న్యోకీ ఇద్దరికి చేయడం కుదరదని అమ్మమ్మ వాదన. నలుగురికి చేసింది. ఇద్దరం తిన్నాం. కుర్చీ అవతల ఉంది. కన్ను ఆనిస్తే కుర్చీ వీపు మీది వార్నిష్ పగులు చాలా స్పష్టంగా వచ్చింది.

"ఏం చూస్తున్నావ్?"

"ఫర్నిచర్."

అమ్మమ్మ తన కంచం తీసుకుని బల్ల చుట్టూ నడిచి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఇక్కడైతే పడతానా?"

"కొంచెం వెనక్కి. ఊఁ, అక్కడే. కదలకు."

"నేనెప్పుడూ కదల్లేదురా. ఆ కేకు రోజు కూడా నువ్వే కదిలావ్."

సాయంత్రం సాల్తో నుంచి పెట్టె వచ్చింది. పైన మాండరిన్లు. అడుగున మఫ్లర్, ఆకుపచ్చది. ఆ పట్టీ కంటే చాలా వెడల్పుగా ఉంది. పక్కన పెట్టి చూసే వీలు లేదు కానీ, నాకు తెలుసు.

ఆగస్టు 9

ముప్పై ఐదు కొన్నాను. చిన్నది, తేలిక, ఎఫ్ రెండు. దానంతటదే ఫోకస్ అవుతుంది. సంత ఆయన అడిగాడు.

"ఈసారి ఇల్లు సరిపోయిందా?"

"ఇల్లు సరిపోయింది. చంక కూడా."

ఒంటిచేత్తో తీయవచ్చు, ఫ్లాస్కు జారకుండా. రోజువారీ లెన్సుకు ఇంతకుమించిన నిర్వచనం ఈ దేశంలో అక్కర్లేదు. రెండు మతాలవాళ్లూ ఈ విషయం ఎక్కడా రాయలేదు.

వంటగదిలో అమ్మమ్మను తీశాను. స్టవ్వూ, కిటికీ, పిల్లి తోకా, అవతలి కుర్చీ, అన్నీ వచ్చాయి. అమ్మమ్మ చూసి సుత్తి తెచ్చింది. హెర్మాన్ తీసిన ఫోటో తీస్తుందేమోనని గుండె ఎగిరింది. తీయలేదు. దాని పక్కన కొత్త మేకు కొట్టింది.

ఎగిరింది ఎందుకో ఇక్కడ రాయనక్కర్లేదు. చదివేది నేనే.

ఆగస్టు 23

వచ్చే శనివారం ఇరవైతొమ్మిది. న్యోకీ సాల్తోలో. అమ్మమ్మ బంగాళదుంపలు కూడా ఇక్కడినుంచే మోసుకెళ్తుందట. అక్కడ దుంపలు నీళ్లోడుతూ ఉంటాయని ఆమె నమ్మకం. ఎన్నడూ ఆ ఊరు చూడలేదు.

సంచీలో ముప్పై ఐదు పెట్టాను. తర్వాత నొక్కుకుపోయిన యాభై తీసి చేతిలో పట్టుకున్నాను. మా బల్ల ఇవతలి నుంచి అవతలికి తప్ప దానికి ఇంకేమీ తెలియదు. దాన్ని అంత దూరం మోసుకెళ్లడం తెలివితక్కువతనం.

ఫోన్ తీసి హెర్మాన్‌కు రాశాను. రెండుసార్లు చెరిపి మళ్లీ రాశాను.

"బావా, మీ భోజనాల బల్ల వెడల్పు ఎంత ఉంటుంది?"

చాలాసేపు జవాబు రాలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడనుకుంటాను. తర్వాత వచ్చింది.

"ఇంకా కొనలేదు. ఒళ్లో కంచాలు పెట్టుకుని తింటున్నాం. నీకెంత కావాలో చెప్పు బామ్మర్దీ."

కొలతల టేపు అమ్మమ్మ కుట్టుమిషన్ సొరుగులో ఉంది. వెళ్తున్నాను.